అడ్జస్టబుల్ హైబ్రిడ్: తిప్పితే నిజంగా ఏం మారుతుంది?

 

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క గోల్ఫ్ కర్ర మీద. పేరు హైబ్రిడ్. అందులోనూ తల దగ్గర స్క్రూ విప్పి, తిప్పి, కోణం మార్చుకుని మళ్ళీ బిగించుకునే రకం. అడ్జస్టబుల్ హైబ్రిడ్ అంటారు. ఇంత చిన్న టాపిక్ ఎందుకు పట్టుకున్నానంటే, ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌లలో ఎక్కువ దీని గురించే. డల్లాస్ నుంచి ఒకరు, న్యూజెర్సీ నుంచి ఒకరు, ఇక్కడ గచ్చిబౌలి నుంచి ఓ నలుగురు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, అడ్జస్టబుల్ తీసుకోవాలా, మామూలుది సరిపోతుందా?"

ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు నొప్పి అక్కడే. పెద్ద బ్రాండ్ల కొత్త అడ్జస్టబుల్ హైబ్రిడ్ అమెరికాలో 300 డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. మన రూపాయల్లో 25 వేలు దాటిపోయింది. ఇక్కడికి తెప్పిస్తే సుంకాలు, పన్నులు వేరే. నేను బీటెక్ అయ్యాక ఉద్యోగంలో చేరినప్పుడు నెలకి చేతికొచ్చింది 24 వేల చిల్లర. అంటే ఒక్క కర్ర, నా మొదటి నెల జీతం కన్నా ఎక్కువ. అంత పెట్టి కొన్నది సంచిలో అలంకారంగా ఉండకూడదు కదా. అందుకే షాపులో చెప్పే మాటలు పక్కన పెట్టి, లోపల ఏం జరుగుతుందో విప్పి చూద్దాం.

గోల్ఫ్ అసలే తెలియని వాళ్ళకి త్వరగా చెప్తా, తెలిసినవాళ్ళు ముప్పై సెకన్లు ముందుకి జరపండి. ఆటకి వెళ్ళేటప్పుడు సంచిలో గరిష్ఠంగా 14 కర్రలు ఉండొచ్చు. పొడుగ్గా, తల పెద్దగా ఉండేవి వుడ్స్. సన్నటి ఇనుప బిళ్ళలా ఉండేవి ఐరన్స్. ఏ కర్రయినా బంతికి తగిలే ముఖం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలుని లాఫ్ట్ అంటారు. గోడకి నిచ్చెన వేశామనుకోండి, దాదాపు నిటారుగా వేస్తే తక్కువ లాఫ్ట్, కింద కాళ్ళు ముందుకి లాగి వాల్చి వేస్తే ఎక్కువ లాఫ్ట్. లాఫ్ట్ పెరిగితే బంతి పైకి లేస్తుంది, తగ్గితే కిందగా దూసుకెళ్తుంది. ఇంతే.

ఇప్పుడు అసలు సమస్య. 20, 23 డిగ్రీల లాఫ్ట్ ఉండే పొడుగు ఐరన్లు, అంటే 3, 4, 5 నంబర్లు, టీవీలో ప్రొఫెషనల్స్ కొడుతుంటే భలే ఉంటాయి. శని ఆదివారాలు మాత్రమే ఆడే మనలాంటి వాళ్ళ చేతిలో అవి లేవవు. స్వింగ్ వేగం తక్కువ, తల సన్నం, అడుగు సన్నం. కాస్త ముందు నేల తగిలితే పారతో మట్టి తవ్వినట్టు దిగబడుతుంది. కాస్త పైన తగిలితే బంతి నేల మీదే పాక్కుంటూ పోతుంది. చాలామంది సంచుల్లో 5 ఐరన్, 6 ఐరన్ రెండూ ఒకే దూరం వెళ్తుంటాయి. మీ సంచిలో కూడా వెళ్తున్నాయేమో ఒకసారి కొలిచి చూడండి, ఆశ్చర్యపోతారు. కారణం ఏంటంటే, మెల్లగా తగిలిన బంతికి లాఫ్ట్ తగ్గించే కొద్దీ గాల్లో ఉండే టైమే తగ్గిపోతుంది. కాగితం మీద రావాల్సిన దూరం గాల్లో రాదు.

హైబ్రిడ్ ఈ చోటు కోసమే పుట్టింది. తల లోపల డొల్లగా ఉంటుంది, బరువంతా కిందకీ వెనక్కీ నెట్టేస్తారు. బరువు బంతి మధ్య కన్నా కిందకి దిగితే బంతి తేలిగ్గా పైకి లేస్తుంది. అడుగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి గడ్డిలో జారుకుంటూ పోతుంది, గుచ్చుకోదు. 2000ల మొదట్లో టేలర్‌మేడ్ రెస్క్యూ, ఆడమ్స్ ఐడియా లాంటివి వచ్చాక మామూలు ఆటగాళ్ళ సంచుల్లోకి బాగా పాకింది. "అది ముసలోళ్ళ కర్ర" అని కొందరు ఇప్పటికీ నవ్వుతారు. వాళ్ళకి రెండు సంగతులు చెప్పండి. 2004లో రాయల్ ట్రూన్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో టాడ్ హామిల్టన్ గ్రీన్ చుట్టుపక్కల హైబ్రిడ్‌తోనే బంతిని మెల్లగా నెట్టుకుంటూ, ప్లేఆఫ్‌లో ఎర్నీ ఎల్స్‌ని ఓడించాడు. 2009లో హేజెల్టిన్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్, చివరి రోజు, చివరి హోల్. పక్కన ఉన్నది టైగర్ వుడ్స్. కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్ 200 గజాల పైనుంచి హైబ్రిడ్ తీసి, చెట్టు మీదుగా లేపి, జెండా దగ్గర పడేశాడు. ఆసియాలో పుట్టిన మగవాళ్ళలో మేజర్ గెలిచిన మొదటివాడు అతనే. ముసలోళ్ళ కర్ర అట!

అవునూ, నేను గజాలు అంటున్నాను, యార్డులు అన్నమాట. హైదరాబాద్‌లో గజం అనగానే ప్లాటు రేటు గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

సరే, అడ్జస్టబుల్ అంటే ఏంటి? కర్ర పొడుగు భాగాన్ని షాఫ్ట్ అంటారు. అది తలలోకి దిగే మెడని హోసెల్ అంటారు. మామూలు హైబ్రిడ్‌లో షాఫ్ట్‌ని అక్కడ జిగురుతో శాశ్వతంగా అతికిస్తారు. అడ్జస్టబుల్‌లో షాఫ్ట్ చివర ఒక చిన్న లోహపు తొడుగు ఉంటుంది, దాన్ని స్లీవ్ అంటారు. ఆ స్లీవ్‌లో రంధ్రం సూటిగా ఉండదు, కొద్దిగా ఏటవాలుగా తొలిచి ఉంటుంది. కింద నుంచి ఒక స్క్రూ దాన్ని తలకి బిగిస్తుంది. స్క్రూ విప్పి స్లీవ్‌ని తిప్పి పెడితే, షాఫ్ట్ తలలోకి దిగే కోణం మారుతుంది.

ఊళ్ళో పారకి కర్ర బిగించడం చూసే ఉంటారు. వదులుగా ఉంటే ఒక చీల కొడతారు. చీల ఏ వైపు కొట్టారన్నదాన్ని బట్టి పార ముఖం కాస్త లోపలికో బయటికో వాలుతుంది. పార మారలేదు, కర్ర మారలేదు, రెండిటి మధ్య కోణం మారింది. ఇదీ అంతే. చీల బదులు స్లీవ్, సుత్తి బదులు రెంచ్.

2008 జనవరి నుంచి రూల్స్‌లో ఇలాంటి మార్పులకి దారి తెరిచారు. ఆ తర్వాతే ఇవి డ్రైవర్లలో వచ్చి, మెల్లగా హైబ్రిడ్‌ల దాకా దిగాయి. టైటిలిస్ట్‌ది చూస్తే స్లీవ్, రింగ్ రెండూ తిప్పాలి, మొత్తం 16 సెట్టింగులు, ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఎ1. మిగతా బ్రాండ్లలో ఎక్కువగా లాఫ్ట్‌ని ఒకటిన్నర డిగ్రీల దాకా పెంచుకోవచ్చు, అంతే తగ్గించుకోవచ్చు. కొనే ముందు ఆ మోడల్ చార్ట్ చూడండి. బ్రాండ్ ఒకటే అయినా అన్ని మోడల్స్‌కీ ఈ సౌకర్యం ఉండదు. ఒకే పేరుతో రెండు రకాలూ షెల్ఫ్‌లో పక్కపక్కనే ఉంటాయి, రంగు కూడా అదే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

స్లీవ్ మీద "ప్లస్ 1.5" అని రాసుంటుంది. మనం ఏమనుకుంటాం? 22 డిగ్రీల తల 23.5 అయిపోయింది అనుకుంటాం. తల అదే ఇనుము కదా, అది ఎలా వంగుతుంది? వంగదు. కర్రని నేల మీద, దాని అడుగు ఎలా కూర్చోవాలనుకుంటే అలా కూర్చోబెట్టి చూడండి. లాఫ్ట్ దాదాపు మునుపటిదే. మారింది ముఖం చూసే దిక్కు. కుడిచేతి వాటం వాళ్ళకి "ప్లస్" పెడితే ముఖం ఎడమకి తిరిగి ఉంటుంది. దీన్ని ఫేస్ క్లోజ్ అవ్వడం అంటారు. "మైనస్" పెడితే కుడికి తిరిగి ఉంటుంది, అంటే ఓపెన్. అలా ఎడమకి తిరిగిన ముఖాన్ని మీరు చేతులతో తిప్పి టార్గెట్‌కి సూటిగా పెట్టినప్పుడు, అప్పుడు ముఖం వెనక్కి వాలి ఆ ఎక్కువ లాఫ్ట్ వస్తుంది. లెక్క వేస్తే, హైబ్రిడ్ మీద ఒక డిగ్రీ లాఫ్ట్ కోసం ముఖం ఒకటిన్నర డిగ్రీలు, కొంచెం ఎక్కువే తిరుగుతుంది. అంటే ప్లస్ 1.5 అంటే ముఖం రెండు, రెండున్నర డిగ్రీలు ఎడమకి.

రెండు డిగ్రీలు ఎంత? ఎక్కువ అనిపించదు. 170 గజాల షాట్‌లో సూటిగా పోయినా ఆరు గజాలు పక్కకి. దానికి తోడు గాల్లో వంపు. గ్రీన్ మధ్యకి కొట్టిన బంతి ఇసుకలో ఉంటుంది.

సో, మీరు కర్రని నేల మీద ఆనించి, అది ఎలా కూర్చుంటే అలాగే పట్టుకుని కొట్టే రకమా? లేక కొంచెం గాల్లో లేపి, ముఖం సూటిగా పెట్టుకుని కొట్టే రకమా? ఒకే సెట్టింగ్, ఈ ఇద్దరికీ రెండు వేర్వేరు ఫలితాలు. మొదటివాడికి దిక్కు మారుతుంది, రెండోవాడికి ఎత్తు మారుతుంది. మనలో ఎక్కువమంది ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటాం. షాపులో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మీరే మిమ్మల్ని వీడియో తీసుకుని చూసుకోండి, ఫోన్ ఉన్నది అందుకే.

ఇది తెలిసిందంటే కొనేటప్పుడు ఒక ఉపాయం వస్తుంది. మీకు కావాల్సింది సుమారు 22 డిగ్రీలు అనుకుందాం. షెల్ఫ్‌లో 21 డిగ్రీల తల ఉంది, 24 డిగ్రీల తల ఉంది. 21ని ప్లస్ 1.5 చేస్తే 22.5. 24ని మైనస్ 1.5 చేస్తే అదీ 22.5. నంబర్ ఒకటే! కానీ మొదటిది ముఖం మూసుకుని కూర్చుంటుంది, రెండోది తెరుచుకుని కూర్చుంటుంది. మీ బంతి ఎప్పుడూ కుడికి వంగిపోతుంటే, అంటే స్లైస్, మొదటిది మీకు సాయం. బంతి ఎడమకి కొక్కెంలా తిరిగిపోతుంటే, అంటే హుక్, రెండోది. హైబ్రిడ్‌లకి మామూలుగానే ఎడమకి లాగే గుణం ఉంటుంది, అందులోనూ మామూలు ఆటగాళ్ళ కోసం చేసే పెద్ద తలలకి ఇంకా ఎక్కువ. నాది హుక్. అందుకే నేను ఎక్కువ లాఫ్ట్ తల తీసుకుని కిందకి తిప్పుకున్నా. ఇంకో మాట, 24 తలతో వచ్చే షాఫ్ట్ సాధారణంగా ఓ అర అంగుళం పొట్టిగా ఉంటుంది. నాకైతే అదీ మంచిదే, పొట్టి కర్ర మధ్యలో తగలడం తేలిక.

దీనికి పూర్తి వ్యతిరేకం మా బాబాయ్ కేసు. ఆయన డల్లాస్ పక్కన ఉంటారు, 58 ఏళ్ళు. నేను ఆన్‌సైట్ మీద అక్కడ ఉన్న రెండేళ్ళూ శనివారం ఉదయం ఆయన గ్యాంగ్‌తోనే ఆడాను, నేను నేర్చుకున్నదే అక్కడ. నలుగురూ తెలుగువాళ్ళే, ఫ్లాస్క్‌లో టీ, ఇంటినుంచి పులిహోర. మునిసిపల్ కోర్సు, టికెట్ కొని ఎవరైనా ఆడొచ్చు. అక్కడ ఒక పార్-3 ఉంది. ముందంతా చెరువు. దాటాలంటే బంతి 150 గజాలు గాల్లోనే పోవాలి. బాబాయ్‌కి భుజం ఆపరేషన్ అయ్యాక ఆ చెరువు దాటడం ఆగిపోయింది. 22 డిగ్రీల హైబ్రిడ్ కొడితే 145 దగ్గర నీళ్ళలో. వారం వారం రెండు బంతులు చెరువుకి సమర్పణ. మొదట్లో జోకులేసుకునేవాళ్ళు. తర్వాత ఆయన ఆ హోల్ ఆడకుండా కార్ట్‌లో కూర్చోవడం మొదలుపెట్టారు. తర్వాత కొన్ని శనివారాలు రాలేదు. పిన్ని ఫోన్ చేసి "మీ బాబాయ్‌కి మోకాలు బాలేదట్రా" అంది. మోకాలు కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ హైబ్రిడ్ అడ్జస్టబుల్. మూడేళ్ళ నుంచి ఆయన దగ్గర ఉంది, రెంచ్ మాత్రం గ్యారేజీలో కవర్ కూడా విప్పకుండా పడుంది. "ఒరేయ్, ఆడేవాడు బాగుంటే కర్రలెందుకురా తిప్పడం" అనేవారు. రేంజ్‌కి తీసుకెళ్ళి ప్లస్ 1.5 పెట్టి ఇచ్చాను. లాఫ్ట్ పెంచితే దూరం తగ్గుతుంది కదా, అందరూ చెప్పేది అదే. వేగం ఉన్నవాళ్ళకి అది నిజం, డిగ్రీకి మూడు నాలుగు గజాలు పోతాయి. ఆయన వేగానికి బంతి అసలు లేవడమే లేదు, కాబట్టి లాఫ్ట్ పెంచేసరికి గాల్లో ప్రయాణం పెరిగింది. ముఖం కాస్త మూసుకోవడం వల్ల కుడికి జారిపోయే బంతి కూడా సూటిగా అయింది. పక్కకి తిరిగే శక్తి ముందుకి వచ్చింది. 152, 154, ఒకటి 149, మళ్ళీ 155. పెద్ద అంకెలు కావు. చెరువు దాటడానికి సరిపోయే అంకెలు. మరుసటి శనివారం పొద్దున ఆరింటికి ఆయనే నాకు ఫోన్ చేసి లేపారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది మా బాబాయ్ స్వింగ్‌కి పనిచేసింది. అదే సెట్టింగ్ నా చేతికిస్తే బంతి పక్క ఫెయిర్‌వేలో వెతుక్కోవాలి.

లై యాంగిల్ గురించి కూడా అడుగుతున్నారు. కర్ర నేలతో చేసే కోణం అది. తల మడమ వైపు ఆనుకుని ముందు కాలివేళ్ళ వైపు లేచి ఉంటే అప్‌రైట్, బంతి ఎడమకి పోతుంది. దానికి ఉల్టా ఫ్లాట్, కుడికి. హుక్ ఉన్నవాళ్ళకి "ఫ్లాట్ సెట్టింగ్ పెట్టుకో, పోతుంది" అని సలహా ఇస్తారు. నేను లెక్క వేసి చూశా. 22 డిగ్రీల లాఫ్ట్ మీద లై ఒక డిగ్రీ మారితే బంతి దిశ అర డిగ్రీ కూడా మారదు. 170 గజాల దగ్గర గజం, మహా అయితే గజంన్నర. పనికిరాదని కాదు. మడమ నేలకి తగిలి తల తిరిగిపోతున్నవాళ్ళకి, బాగా పొట్టి, బాగా పొడుగు మనుషులకి అది ముఖ్యమే. కానీ ముఖం దిక్కుతో పోలిస్తే ఇది చిన్న నాబ్. ముందు పెద్ద నాబ్ సంగతి చూడండి.

ఇంకో చిన్న చికాకు చెప్తా, ఎవరూ చెప్పరు. కొన్ని బ్రాండ్లలో స్లీవ్ తిప్పితే దాంతోపాటు షాఫ్ట్, గ్రిప్ కూడా తిరుగుతాయి. గ్రిప్ మీద లోగో పక్కకి పోతుంది, అది పర్లేదు, కళ్ళకి మాత్రమే. గ్రిప్ కింద లోపల సన్నని గట్టు ఉండే రకం ఉంటుంది, వేళ్ళకి గుర్తుగా. తిప్పాక ఆ గట్టు తప్పు చోట తగులుతుంది, తెలియకుండానే చేతులు తిరిగిపోతాయి. అడ్జస్టబుల్ కొంటే గుండ్రంగా ఉండే మామూలు గ్రిప్ వేయించుకోండి.

ఇక అసలు ఎంత లాఫ్ట్ కొనాలి? ఇది షాపులో కాదు, మీ సంచిలో తేలాలి. రేంజ్‌కి వెళ్ళండి, వీలైతే లాంచ్ మానిటర్ ఉన్న చోటికి. మీకు బాగా నమ్మకం ఉన్న పొడుగు ఐరన్‌తో పది బంతులు. తర్వాత మీ పొట్టి వుడ్‌తో పది. రెండిట్లోనూ బాగా ఎక్కువ పోయిన రెండు, బాగా తక్కువ పోయిన రెండు తీసేయండి, మిగతా ఆరిటి సగటు రాసుకోండి. దొర్లిన దూరం వద్దు, గాల్లో పోయిన దూరం మాత్రమే. క్యారీ అంటారు. ఉదాహరణకి 6 ఐరన్ 150, 5 వుడ్ 185 వచ్చాయనుకోండి. మధ్యలో 35 గజాల గుంత ఉంది. ఆ గుంత మధ్యలో, అంటే 165, 170 దగ్గర పడే కర్ర మీకు కావాలి. ఈ రోజుల్లో 6 ఐరన్ 26 డిగ్రీల దగ్గర, 5 వుడ్ 18 దగ్గర ఉంటుంది కాబట్టి 22 దగ్గర వెతకడం మొదలుపెట్టండి. హైబ్రిడ్ మీద రాసిన 3, 4, 5 నంబర్లు చూసి కొనొద్దు. ఒక కంపెనీ 4 ఇంకో కంపెనీ 4 కాదు. డిగ్రీలు చదవండి.

ఈ గుంత పూడ్చే పనిలోనే అడ్జస్టబుల్‌కి నిజమైన విలువ. కొత్తగా నేర్చుకునేవాళ్ళ స్వింగ్ ఆరు నెలలకోసారి మారుతుంది. ఐరన్ సెట్ మారిస్తే లాఫ్ట్‌లు మారిపోతాయి. పాత సెకండ్ హ్యాండ్ ఐరన్స్‌లో 7 నంబర్ 34 డిగ్రీలు ఉంటే, కొత్తవాటిలో 30, కొన్నింట్లో ఇంకా తక్కువ. అప్పుడు మధ్య కర్రని మూడు డిగ్రీల పరిధిలో జరుపుకునే వీలుంటే మళ్ళీ కొత్తది కొనక్కర్లేదు. మేం కోడ్ రాసేటప్పుడు మారుతుందని తెలిసిన విలువని కోడ్‌లో గట్టిగా కొట్టేయం, కాన్ఫిగ్ ఫైల్‌లో పెడతాం. అదే లాజిక్. కానీ ఎప్పటికీ మారని విలువకి కాన్ఫిగ్ ఫైల్ ఎందుకు? నాలుగేళ్ళుగా ఒకే స్వింగ్, ఒకే సెట్, మీకు కావాల్సిన డిగ్రీ, కూర్చున్న తీరు నచ్చిన మామూలు అతికించిన హైబ్రిడ్ దొరికిందంటే, నిస్సంకోచంగా అది కొనండి. డబ్బులు మిగులుతాయి. పైగా స్లీవ్, స్క్రూ లేకపోతే మెడ దగ్గర కొన్ని గ్రాములు మిగులుతాయి, ఆ బరువుని డిజైనర్ కిందకి వెనక్కి పెట్టుకోగలడు. అడ్జస్టబుల్ అనగానే మెరుగైనదని కాదు.

మిగిలే డబ్బులు షాఫ్ట్ మీద పెట్టండి అంటాను నేను. హైబ్రిడ్‌లో ఎక్కువగా గ్రాఫైట్ షాఫ్ట్, 60 నుంచి 80 గ్రాముల మధ్య. మీ ఐరన్స్ స్టీల్ అయితే అవి 95, 110, 120 గ్రాములు ఉండొచ్చు. చేతికి బరువు అలవాటు తప్పితే ఏ సెట్టింగూ కాపాడదు. ఐరన్ బరువుగా ఉంటే హైబ్రిడ్ కూడా ఆ రేంజ్‌లో బరువు వైపు చూడండి. ఇంకొకటి, "నా డ్రైవర్ షాఫ్ట్ తీసి హైబ్రిడ్‌కి పెట్టొచ్చా" అని అడుగుతారు. కుదరదు. హైబ్రిడ్ షాఫ్ట్ కొన మామూలుగా 0.370 అంగుళాలు, డ్రైవర్‌ది 0.335. స్లీవ్‌లు వేరు. ఒక బ్రాండ్ స్లీవ్ ఇంకో బ్రాండ్ తలలోకి అసలే దూరదు.

తిప్పేటప్పుడు ఎలా? ఒకసారి ఒకటే మార్చండి. లాఫ్ట్, లై, షాఫ్ట్ మూడూ ఒకే రోజు మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు. శుక్రవారం సాయంత్రం మూడు మార్పులు కలిపి ప్రొడక్షన్‌లోకి తోసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక సెట్టింగ్, కనీసం ఇరవై బంతులు, ఫోన్‌లో నోట్. కంపెనీ ఇచ్చిన టార్క్ రెంచ్ మాత్రమే వాడండి. అది "టక్" అని చప్పుడు చేస్తుంది, అక్కడ ఆపండి. హార్డ్‌వేర్ షాపు కీతో బలం చూపిస్తే స్క్రూ మరలు పోతాయి. వదులుగా వదిలేస్తే తల ఊడి మీ ముందున్నవాళ్ళ మీదకి ఎగురుతుంది, ఇది జోక్ కాదు. బిగించే ముందు స్లీవ్‌ని పొడి గుడ్డతో తుడవండి, మన దుమ్ముకి అది తప్పదు.

రూల్ కూడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. రౌండ్ మొదలయ్యాక తిప్పకూడదు. గాలి ఎదురొచ్చిందని మధ్యలో సెట్టింగ్ మార్చి ఆ కర్రతో ఒక్క షాట్ కొట్టినా డిస్‌క్వాలిఫై, రెండు స్ట్రోకుల పెనాల్టీతో పోదు. తిప్పారు, కొట్టకముందే గుర్తొచ్చింది, మళ్ళీ పాత స్థానానికి పెట్టేశారు, అప్పుడు పెనాల్టీ లేదు. రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య మీ ఇష్టం. ఏప్రిల్, మే ఎండల్లో ఇక్కడ గ్రీన్లు గట్టిపడి, కిందగా వచ్చిన బంతి ఆగకుండా వెనక్కి జారిపోతుంది. అప్పుడు కాస్త ఎత్తుగా పడే సెట్టింగ్ పెట్టుకుని చూడొచ్చు.

ఇక సెకండ్ హ్యాండ్. నా ఉద్దేశంలో చాలామంది వెళ్ళాల్సిన దారి ఇదే. రెండు మూడేళ్ళ పాత మోడల్‌కీ కొత్తదానికీ మామూలు ఆటగాడికి తెలిసే తేడా తక్కువ, ధరలో తేడా చాలా ఎక్కువ. కానీ అడ్జస్టబుల్ అయితే చూడాల్సినవి ఎక్కువ. అమ్మేవాణ్ణి మీ ముందే స్క్రూ విప్పమనండి. విప్పనంటే అక్కడితో వదిలేయండి. స్లీవ్ మీద సన్నటి పగుళ్ళు, అరిగిన పళ్ళు, అక్షరాలు చెరిగిపోయాయా చూడండి. బిగించాక తల పట్టుకుని షాఫ్ట్ తిప్పి చూడండి, ఆవగింజంత ఆట కూడా ఉండకూడదు. స్లీవ్ కుడిచేతిదా ఎడమచేతిదా అడగండి, చార్ట్‌లు వేరేగా ఉంటాయి. రెంచ్ ఇస్తున్నాడా? మన దగ్గర విడిగా దొరకడం అంత తేలిక కాదు. ఇక నకిలీలు. నా ఫ్రెండ్ ఒకడు ఆన్‌లైన్‌లో సగం కన్నా తక్కువ ధరకి "సీల్డ్ పీస్" తీసుకున్నాడు. చూడ్డానికి అచ్చం అదే. స్లీవ్ ఏ సెట్టింగ్‌లో పెట్టినా ముఖం ఒకేలా కూర్చుంటోంది. ఎందుకంటే లోపల రంధ్రం సూటిగా తొలిచారు! అంకెలు మాత్రం బయట అందంగా అచ్చేశారు. కాబట్టి కొనే ముందు ఈ పరీక్ష చేయండి: ప్లస్‌లో పెట్టి నేల మీద కూర్చోబెట్టండి, మైనస్‌లో పెట్టి కూర్చోబెట్టండి. ముఖం దిక్కు కంటికి కనిపించేంత మారాలి. మారకపోతే అది అడ్జస్టబుల్ కాదు, అంతే. సీరియల్ నంబర్ ఉంటే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి.

ఇంతకీ నన్ను అడిగినవాళ్ళకి జవాబు. సంచిలో ఒకటే హైబ్రిడ్ పెట్టుకునేవాళ్ళు, ఆట మొదలుపెట్టి రెండేళ్ళు కూడా కానివాళ్ళు, వయసు వల్లో దెబ్బ వల్లో వేగం మారుతున్నవాళ్ళు, అడ్జస్టబుల్ తీసుకోండి, పాతది అయినా సరే. రెండు హైబ్రిడ్‌లు కొంటూ, ఫిట్టింగ్ చేయించుకుని, డిగ్రీలు తేల్చుకున్నవాళ్ళు మామూలువి తీసుకోండి. ఇంట్లో ఇప్పటికే అడ్జస్టబుల్ ఉండి ఒక్కసారి కూడా తిప్పనివాళ్ళు ఏమీ కొనొద్దు, రెంచ్ ఎక్కడుందో వెతకండి.

మీ 6 ఐరన్, 5 వుడ్ క్యారీ ఎంత వచ్చిందో కొలిచి నాకు పంపండి, కుడికి పోతుందా ఎడమకి పోతుందా అది కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని, ఏ తల, ఏ సెట్టింగ్ అని లెక్క వేసి చూపిస్తా. ఉంటాను అండి.